అత్తయ్య ఎంచిన గాలం రాడ్డు

మొన్న ఆదివారం తెల్లవారుజామున మా అత్తయ్య పోయారు. "అమ్మగారు ప్రభువునందు నిద్రించారు" అని పాస్టరుగారు చెబుతుంటే, అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. నిద్రా! నీళ్లమీద గాలం బెండు కదులుతుందేమోనని కాలువ గట్టున పొద్దస్తమానం రెప్పవాల్చకుండా కూర్చునే మనిషి ఆవిడ.

పుట్టిల్లు దివిసీమ. పెళ్లయి గుడివాడ వస్తూ సారెతోపాటు వెదురు గాలం కూడా తెచ్చుకున్నారట. ఆడదానికి గాలమేమిటని ఎవరైనా అంటే, "ప్రభువు పిలుచుకున్నదే చేపలు పట్టేవాళ్లని. నన్ను మాత్రం వద్దంటాడా?" అనేవారు.

కిందటేడాది పెరాలిసిస్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వెదురు గడ ఎత్తలేకపోయారు. అది మొదలు మాటే తగ్గించేశారు. అన్నం కలిపి పెడితే తినేవారు, లేకపోతే లేదు. మావారు టీవీ పెట్టి చూశారు, పిల్లలు పాటలు పాడి చూశారు. ఊహూఁ. ఈవిడ మళ్లీ గట్టున కూర్చోకపోతే మాకు దక్కరని నాకు భయం పట్టుకుంది.

ఎడమచేత్తో పట్టగలిగే తేలికపాటి గాలం కొందామని బందరు తీసుకెళ్లాను. గిలకలదిండి దారిలో వలలూ గాలాలూ అమ్మే కొట్టుంది. కొట్టు సాయిబుగారు ఒకదాంట్లో ఒకటి దూరిపోయే టెలిస్కోపిక్ రాడ్లు బల్లమీద పరిచారు. అన్నిటికన్నా పొట్టిది చూపించి, "ఇది హ్యాండ్‌బ్యాగులో పడుద్దమ్మా" అన్నారు. నేను మురిసిపోయాను. అత్తయ్య నావంక అదోలా చూశారు.

"మడత మీదే చూసి చీర కొంటామటే? విప్పి చూడొద్దూ?"

రాడ్డంతా సాగదీయించి, దారం కొస నాకిచ్చి, "నువ్వే బంగారుతీగ చేపవనుకో. లాగు" అన్నారు. కొట్టు మధ్యలో నిలబడి లాగాను, ఏం చేస్తాను! రాడ్డు కీలుకీలుకీ ఆగి ఆగి వంగింది, కొస దగ్గర కిర్రుమంది. "ఎంత పొట్టిగా ముడుచుకుంటే అన్ని ముక్కలు. ఎన్ని ముక్కలుంటే అన్ని కీళ్లు. కీళ్ల సంగతి నాకా చెప్తారు!" అని పక్కన పెట్టించారు. లావుపాటిది బలంగానే ఉంది కానీ ఎడమచేతికి బరువైంది. చివరికి మూరెడు పొడవుకి ముడుచుకునేది ఒకటి నచ్చింది. కొస మెత్తగా వంగినా పిడి దగ్గర గట్టిగా నిలిచింది. జబ్బుపడ్డాక ఆవిడ అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజే.

ఇక రాడ్డు బైబిలు సంచీలో చేరింది. ప్రార్థన కూడికకి వెళ్లొస్తూ కాలువ దగ్గర ఆగొచ్చు కదా! ఒకసారి కూడికలో పాస్టరుగారు కీర్తన చదవమంటే, బైబిలనుకుని రాడ్డు బయటికి తీశారు. ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అత్తయ్య చలించలేదు. "ఇది తర్వాతండీ" అని లోపల పెట్టేసి బైబిలు తీశారు.

వాడిన ప్రతిసారీ దాన్ని పాపాయిని తుడిచినట్టు తుడిపించేవారు. "ఇసక రేణువు చాలే అమ్మాయ్, కీలు బిగుసుకుపోడానికి" అనేవారు.

అయినా చాలా రోజులు వేలెడేసి బుడ్డపరకలే పడ్డాయి. ఎడమచేత్తో పెద్ద చేపని ఆపగలనా అన్న దిగులు ఆవిడ మొహంలో కనపడుతూనే ఉండేది. వానలకి చెరువుగట్లు తెగి బంగారుతీగలు కాలువలో పడ్డాయని తెలిసి ఓ పొద్దున వెళ్లాం. తవుడూ మైదా కలిపిన ముద్ద గుచ్చి వేశారు. కాసేపటికి బెండు గభాలున మునిగింది. రాడ్డు విల్లులా వంగింది. నేను పట్టుకోబోయాను.

"ముట్టుకోకు! నా చేప!"

పిడి కడుపుకి ఆనించుకున్నారు. మొరటుగా లాగలేదు. అది పరిగెడితే పరిగెట్టనిచ్చి, అలిసినప్పుడల్లా కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చుకున్నారు. చేప ఒడ్డున పడ్డాక ఇద్దరం బురదలో కూలబడి ఏడ్చాం. ఎందుకేడ్చామో ఒకరినొకరం అడగలేదు.

మధ్యాహ్నం పులుసు పెట్టాను. మా ఇంట్లో చేప తలకాయ ఎప్పుడూ మగవాళ్ల కంచంలోకే. మావయ్యగారు ఉన్నన్నాళ్లు ఆయనకి, తర్వాత మావారికి. అలవాటుగా మావారు కంచం ముందుకి జరిపారు. అత్తయ్య ఎడమచేత్తో గరిటె పట్టుకుని, ఆ తలకాయని తీసి, బల్లంతా పులుసు కారుతుండగా కొడుకు కంచం దాటించి నా కంచంలో వేశారు.

"తిను" అన్నారు.

తన అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, నేను తినడం అయ్యేదాకా నావంకే చూస్తూ కూర్చున్నారు.