మా వీధి మధ్య గీత

మా నియోజకవర్గం చరిత్ర చెప్పమంటే నేను మా గృహప్రవేశంతో మొదలుపెట్టాలి. అందులో నా తప్పుంది కాబట్టి.

మేం అమెరికాలోని ఈ అల్ఫారెట్టాకి అద్దెకొచ్చిన కొత్తలో ఈ వీధి గుర్రాలు మేసే మైదానం. తర్వాత ఇళ్లొచ్చాయి, ఇళ్లలోకి మనవాళ్లొచ్చారు. జనం పెరిగారని రాష్ట్ర శాసనసభ నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయబోతున్న రోజుల్లోనే మేమూ ఇక్కడ ఇల్లు కొన్నాం. గృహప్రవేశం హడావుడిలో ఉండగా ఎదురింటి పిల్ల వచ్చింది. అప్పుడు కాలేజీలో చదువుతోంది.

"ఆంటీ, మన స్ట్రీట్‌ని స్ప్లిట్ చేస్తున్నారు. సాటర్‌డే హియరింగ్ ఉంది. వచ్చి టూ మినిట్స్ మాట్లాడండి, ప్లీజ్."

"ముహూర్తం ఆ రోజే, మార్చలేం కదమ్మా" అన్నాను.

శనివారం వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. హద్దుల మీద జనం మాట వినే ఆ సభకి ఆ పిల్ల ఒక్కతే వెళ్లి మాట్లాడి, మధ్యాహ్నానికి వచ్చి మా పంక్తిలో పులిహోర వడ్డించింది. ఏమైందని మాలో ఒక్కరూ అడగలేదు.

మొన్నటి ఎన్నికల్లో ఆ పిల్లే శాసనసభకి నిలబడింది. మా అత్తగారికి అప్పుడే పౌరసత్వం వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్లకి ఇక్కడ తొలి ఓటు, అదీ తనని అమ్మమ్మా అని పిలిచే పిల్లకి! నాతో గుడిదాకా నడవని మోకాళ్లు ఆ పిల్ల వెనక ఊరంతా ప్రచారం చేశాయి.

ఓటు రోజు పట్టుచీర కట్టుకుని ఓటింగ్ యంత్రం తెర ముందు నిలబడ్డ అత్తగారు గట్టిగా పిలిచారు.

"అమ్మాయ్, పిల్ల పేరు లేదే!"

నా తెర మీదా లేదు. అక్కడి ఉద్యోగిని మ్యాపు తీసి చూపించింది. నియోజకవర్గాల హద్దు గీత సరిగ్గా మా వీధి మధ్య నుంచి పోతోంది. ఆ పిల్ల ఇల్లు అటు, మాది ఇటు. ఇక్కడ ఒకే బ్యాలెట్లో అన్ని పదవులూ వరసగా ఉంటాయి. ఇన్నేళ్లూ పైనున్న పెద్ద పదవులకి ఓటేసి వచ్చేశానే తప్ప కింది పేర్లు చదివిందెప్పుడు? నా మీద నాకే ఒళ్లు మండింది.

బయట రోడ్డు చివర ఆ పిల్ల తన ప్రచార బోర్డు పట్టుకుని నిలబడి ఉంది. అత్తగారు దాని చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు.

"నీకు వేయలేకపోయానే తల్లీ."

"నాకు తెలుసు అమ్మమ్మా. మీరు చాలా హ్యాపీగా ఉన్నారు, అందుకే చెప్పలేదు."

"మళ్లీ ఎప్పుడు గీస్తారే?"

"నెక్స్ట్ సెన్సస్ అయ్యాక."

అత్తగారు కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"అప్పటికి నేనుంటానో లేదో. ఈసారి మాట్లాడ్డానికి నువ్వెళ్లు. ఆ రోజుకి మాత్రం ఏ ముహూర్తమూ పెట్టుకోకు."