మంచులోంచి తీసిన రక్తం

నేను చెబుతున్నాను, నా కూతురు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద నంబరు చదవడం, అంతవరకే వచ్చు. ముఖం చూసి చెప్పలేని మాట ఒకటి ఉంది. ఆమె తల వంచుకొని రాస్తూ ఉంటే చెప్పగలనేమో.

ఆమెకిప్పుడు ఐదో నెల. వాళ్ళ నాన్నకొచ్చిన జబ్బు పిల్లలకూ రావచ్చు, కడుపుతో ఉన్నప్పుడు బయటపడవచ్చు, ఒకసారి రక్తం చూద్దామని డాక్టరమ్మ అంది. రేపు తీస్తారు. "హూడి ల్యాబుకు రక్తం నువ్వే తీసుకుపో మా, నీకు దారి తెలుసు కదా" అని నిన్న నాతో అంది. తెలుసు. అందుకే చెప్పాలి.

మా ఆయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ఉండేవాడు. నేను మారతహళ్ళిలో ఆడపిల్లలు అద్దెకుండే పీజీలో వంట చేస్తాను. ముందు ఆయన ముఖం ఉబ్బింది, తర్వాత మూత్రం బెల్లంపాకం రంగుకు తిరిగింది. ఆసుపత్రిలో చేర్చాం. కిడ్నీలు ఆగిపోతున్నాయన్నారు, రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతున్నాయన్నారు, ఎందుకో తెలియదన్నారు. ఎందుకో తెలిస్తేనే ఏ వైద్యం చేయాలో తెలుస్తుంది. ఆ పరీక్ష హూడిలో ఒక ల్యాబులోనే చేస్తారు. థర్మకోలు డబ్బాలో ఐసు పోసి, అందులో రక్తం గొట్టం పెట్టి, మూత తీయవద్దని చెప్పి నా చేతికిచ్చారు.

ఆ పొద్దున ఆయన రెండు దుప్పట్ల కింద వణుకుతున్నాడు. "చలేస్తాందే, ఇంకోటి కప్పు" అంటూనే ఉన్నాడు. ఇంకో దుప్పటి లేదు. నా శాలువా కప్పి వచ్చాను.

సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. డబ్బా నా ఒడిలో ఉంది. చల్లదనం చీరలోంచి తొడలకు దిగుతోంది. మా వీధిలో ఎవరైనా పోతే అద్దం మూత ఉన్న ఐసు పెట్టె తెచ్చి పడుకోబెడతారు. అది గుర్తుకొచ్చింది. బతికున్న మనిషి రక్తాన్ని నేను ఐసులో పెట్టుకొని కూర్చున్నాను. మూత తీశాను. గొట్టం తుడిచి, కొంగుకు చుట్టి రొంటిన దోపుకున్నాను. కాసేపటికి వెచ్చబడింది. అబద్ధమెందుకు, నాకు హాయిగా అనిపించింది. ఆయనకు కప్పలేని దుప్పటి కప్పినట్టు ఉంది. మారతహళ్ళిలో బస్సు మారినప్పుడు కూడా చేత్తో తడుముకున్నాను.

హూడిలో దిగాక మళ్ళీ ఐసులో పెట్టేశాను. కౌంటరులో ఉన్న ఆవిడ అడిగింది, దారంతా ఐసులోనే పెట్టినావా అక్కా అని. ఉండాది, ఐసులోనే ఉండాది అన్నాను.

నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. డాక్టర్లు దాన్ని నమ్మలేదు. మిగతా రిపోర్టులతో కలవడం లేదు, మళ్ళీ పంపుదాం అన్నారు.

రెండోసారి మూత తీయలేదు. కౌంటరు ఆవిడది కోలారు వైపు, మాట మనలాగే ఉంటుంది. ఊరికే అడిగినట్టు, ఐసు ఎందుకని అడిగాను. నేను వంటమనిషినని తెలిసి, దోసెపిండి లెక్కన చెప్పింది. రక్తంలో ఒక సరుకు ఉంటుందట. ఒంట్లోకి జబ్బు పురుగు వచ్చిందని ఎవరూ కబురు చెప్పనక్కర లేదు. పిండి పులిసినట్టు దానంతట అదే, రక్తంలోని నీళ్ళు తగిలి, ఎప్పుడూ కొంచెం కొంచెం విడిపోతూనే ఉంటుంది. విడిపోయిన ముక్క పక్కన ఏది ఉంటే దానికి అంటుకుంటుంది. పురుగుకు అంటుకుంటే ఇంకో ముక్కను పిలుస్తుంది, అది ఇంకా పదింటిని విడగొడుతుంది, పొంగు ఆగదు, పురుగు పగిలిపోతుంది. మన ఒంటి కణానికి అంటుకుంటే అక్కడ కాపలా ఉంటుంది, తుంచి పారేస్తుంది. ఆయనకు ఆ కాపలా సరిగా లేదేమో, అందుకే కిడ్నీలో సన్నటి నరాలు చెడిపోతున్నాయేమో, అది చూడటానికే ఈ పరీక్ష.

"గొట్టంలో పోసినా అది ఊరుకోదక్కా. వెచ్చగా ఉంటే దానంతకదే విడిపోయి అయిపోతాది. అప్పుడు నీ మొగుని ఒంట్లో అయిపోయిందో, గొట్టంలో అయిపోయిందో నాకెట్ల తెలుస్తాది?"

నేను తల ఊపాను. టీ తాగుతావా అని కూడా అడిగింది. తాగాను.

రెండో ఫలితంతో జబ్బేమిటో డాక్టర్లకు తెలిసింది. రక్తంలోని పసుపునీళ్ళు తీసి వేరేవి ఎక్కించే వైద్యం మొదలుపెట్టారు. అప్పటికే ఆయనకు ఫిట్స్ వస్తున్నాయి. మూడో రోజు పోయాడు.

మధ్యలో పోయిన ఆ రోజులు ఉండి ఉంటే బతికేవాడా? ఏ డాక్టరునూ అడగలేదు. బతికేవాడంటే భరించలేను, బతికేవాడు కాదంటే నమ్మలేను. పీజీకి వెళ్ళే బస్సులో కూర్చుంటే ఇప్పటికీ రొంటిన ఆ కాస్త చోటే వెచ్చబడుతుంది. చెయ్యి పెట్టి చూస్తే ఏమీ ఉండదు. చెయ్యి తీస్తే మళ్ళీ వెచ్చబడుతుంది. ఎండాకాలమైనా, వానాకాలమైనా అంతే.

ఇంకొకటి ఉంది. రెండోసారి సూది గుచ్చుతుంటే, మొదటిది ఏమయిందే అని ఆయన అడిగాడు. ల్యాబులో ఆయమ్మ పాడు చేసేసింది అన్నాను. తెలివి ఉన్నంత వరకూ ఆవిడను తిట్టాడు. చేతకాని ముండ అన్నాడు. నేను పక్కన కూర్చొని ఆయన కాళ్ళు పిసుకుతున్నాను.

ఇక్కడికి వచ్చాక నా కూతురు రాయడం ఆపింది. తల ఎత్తలేదు. కాగితం వైపే చూస్తూ అడిగింది.

"నాయిన ఆయమ్మను తిట్టుకుంటానే పోయినాడా?"

అవునన్నాను.

రాసినదంతా మొదటి నుంచి చదువుకుంది. తర్వాత మెల్లగా అంది: "రేపు డబ్బా నేనే పట్టుకుంటా. నువ్వూ రా. ఆయమ్మ ఇంకా ఆడనే ఉంటే, ఈ మాట నువ్వే చెప్పల్ల."

సరే అన్నాను. నా చేతికి తన చెయ్యి తగలకుండా కాగితం తిప్పి, ఇది కూడా రాసింది.