ఎల్లారెడ్డి బస్సులో అరవై గోల్డ్‌ఫిష్

దుకాణాల్లో అమ్మే రంగుచేపల బాగోగులు పరిశీలించి రాయడం ఆ ఏడాది నా చదువులో భాగం. హైదరాబాద్‌లో చాలా కొట్లు తిరిగాను. ఎక్కడికెళ్లినా ఒకటే సందేహం: నేను చూస్తున్నవి అద్దాల తొట్టిదాకా బతికి చేరినవే కదా, దారిలో వాటికి ఏమవుతోంది? ఆ ఆలోచన ఊరికే ఉండనివ్వలేదు. ఎల్లారెడ్డిలో గాజులతోపాటు చేపలు కూడా అమ్మే సుగుణక్కకు ఫోన్ చేసి, సరుకు తెచ్చుకునే రోజున వెంట వస్తానన్నాను.

2013 మార్చి మొదట్లో, సికింద్రాబాద్‌లో తెల్లవారుజామున రైలెక్కి ఎనిమిదిన్నరకు కామారెడ్డిలో దిగాను. ముందు రైల్లో వచ్చిన థర్మాకోల్ డబ్బా పట్టుకుని సుగుణక్క స్టేషన్ బయటే నిలబడి ఉంది. లోపల ఒకదాని మీద ఒకటి రెండు కవర్లు, ఒక్కోదాంట్లో ముప్పై గోల్డ్‌ఫిష్, కాసిని నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. ఆటోలో బస్టాండ్‌కు వెళ్లి తొమ్మిదింపావు బస్సెక్కాం. ఎల్లారెడ్డికి గంటన్నర, టికెట్టు ముప్పై రూపాయలు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తీశాను. చేప నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలాడిస్తోందో పావుగంటకోసారి లెక్కపెట్టి రాసుకోవాలి.

"మూత పెట్టుండ్రి మేడం. చీకట్ల ఉంటెనే అవి నిమ్మలంగ ఉంటయ్," అంది సుగుణక్క.

"చూడకపోతే రాసేదెట్లా అక్కా?" అన్నాను.

లింగంపేట ఇంకా రాకముందే టైరు పంక్చరయింది. "అర్ధగంట పడ్తది, దిగుండ్రి," అన్నాడు డ్రైవర్. సుగుణక్క మంచినీళ్ల కోసం దిగింది. నేను దిగలేదు. కిటికీలోంచి ఎండ నేరుగా డబ్బాలో పడుతోంది.

"అమ్మా, గవి ఉడికిపోతయ్. నీడకు తీస్కపోరాదు," అన్నాడు డ్రైవర్ బయటినుంచి.

"ఒక్క నిమిషం అన్నా, లెక్క తప్పుతుంది."

మొప్పల వేగం పెరుగుతూనే ఉంది. ఇంత స్పష్టమైన అంకెలు నాకెప్పుడూ దొరకలేదు. వాచీ వంకా కవరు వంకా మార్చి మార్చి చూస్తూ రాస్తూనే ఉన్నాను. ఒక చేప పక్కకు ఒరిగింది. తర్వాత ఇంకొకటి. కంగారుగా కవరు రబ్బరు విప్పబోయాను. అప్పుడే ఎక్కిన సుగుణక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇడువు! విప్పితె ఉన్న గాలి సుత పోతది!"

మూత బిగించి, తువ్వాలు తడిపి డబ్బాకు చుట్టి, రోడ్డు పక్కన వేపచెట్టు నీడకు మోసుకెళ్లింది. బస్సు కదిలేదాకా వాచీ చూసుకుంటూ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను.

పదకొండున్నరకు కొట్టు చేరాం. సుగుణక్క కవర్లను రబ్బరు విప్పకుండా తొట్టి నీళ్ల మీద తేలేలా ఉంచి, పావుగంట తర్వాత చేపల్ని వదిలింది. పదిహేడు చనిపోయాయి. అన్నీ నేను లెక్కపెట్టిన పై కవరులోవే.

సుగుణక్క తిట్టలేదు. "ఒకటో రెండో పోతయ్ గని గిన్ని ఎన్నడు పోలె," అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. "గిప్పుడు ఏం రాస్తరు మేడం?"

నా పరిశీలన ఫారంలో, చేపలు చనిపోతే రాయాల్సిన 'కారణం' దగ్గర అప్పటికే 'బస్సు ఆలస్యం' అని రాసేశాను. అది కొట్టేసి, 'పరిశీలకురాలు మూత తెరిచి ఎండలో ఉంచడం' అని రాసి ఆమెకు చదివి వినిపించాను.

"మీ పేరు సుత రాసిండ్రా?"

"రాశాను అక్కా."

ఆమె బకెట్ నా చేతికిచ్చింది. "అయితె పట్టుండ్రి. ఆ పెద్ద తొట్టిల నీళ్లు మార్చాలె."

నాలుగింటి బస్సులో తిరిగొస్తూ కుదురుగా కూర్చోలేకపోయాను. నోటుబుక్కులోని ఆ అంకెలు మా కాలేజీలో అందరూ మెచ్చుకునేంత చక్కగా ఉన్నాయి. వాటిని రాబట్టింది పరిశీలన కాదని, నేను పెట్టిన బాధేనని నాకు తెలుసు. చేపలు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలన్న ఆత్రం, వాటి మీద దయ ఒకటేననుకున్నాను ఆ రోజుదాకా.

ఈ దారిలో చేపలు తెచ్చుకునేవాళ్లకు ఒక్క మాట: ఇల్లు చేరేదాకా, ఎంత చూడాలనిపించినా డబ్బా మూత తీయకండి.