నాలుగు పుస్తకాలూ ఒక మరదలూ

బావగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరైనా పరీక్షకి చదువుకోవడానికి పుస్తకం చెప్పమంటే, ముందు ఆ పుస్తకానికే పరీక్ష పెడతారు. అది పాసైతేనే సిఫారసు చేస్తారు. ఇన్నేళ్లలో ఆయన దగ్గర పాసైన పుస్తకం ఒక్కటీ లేదు.

ఆయన్ని వీధి మలుపులో చూడగానే పుస్తకాల షాపాయన కొత్త సరుకంతా కౌంటరు కిందికి తోసేస్తాడు. "సార్, మొన్న ఆ నిఘంటువులో ఏడు తప్పులున్నాయన్నారు. అప్పట్నించి దాన్ని అమ్మాలంటే నాకే మొహమాటంగా ఉంది. మీకు దణ్ణం పెడతాను, ఇవాళ పేపరు మాత్రం కొనుక్కెళ్లండి" అని బతిమాలుకుంటాడు. బావగారు పేపరు కొనుక్కుని, అక్కడే నిలబడి అందులో నాలుగు తప్పులు పట్టి మరీ వెళ్తారు.

ఆయన్ని అని ఏం లాభం, చేసే ఉద్యోగమే అది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. ఎవరెవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకుంటే నెలాఖరున జీతమిస్తారు. ఆఫీసులో అందరూ వెనకాల భూతద్దం అంటారు. ఆయన దాన్ని బిరుదనుకుని మురిసిపోతారు.

అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి "బావగారూ, మంచి పుస్తకం ఒకటి చెప్పండి" అని అడిగింది ఆయన మరదలు, అంటే భార్యకి చెల్లెలు. తెలిసి తెలిసి అడిగింది. పాపం, గతిలేక అడిగింది.

మరదలు ఇంకో కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఇల్లు కట్టేముందు ప్లాను గీసినట్టు, పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లకి ప్లాను గీసేవాళ్లని ఆర్కిటెక్టులంటారు. ఆ పని వచ్చని సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష ఆమె ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండోసారైతే మరీ అన్యాయం. హాల్లో కంప్యూటర్ ముందు కూర్చోగానే అన్నీ తెలిసిన జవాబులే, ఒక్కటీ గుర్తు రాలేదు. "మూడోసారి కూడా పోతే డిజైన్ టీములో ఉంచలేనమ్మా, పాత ప్రోగ్రాముల మరమ్మతుకి పంపించేస్తాను" అని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. డిజైన్ పనంటే ఆమెకి ప్రాణం. పరీక్షకి నలభై రోజులుంది. పుస్తకం అట్ట చూస్తే చాలు, అరచేతులు చెమటలు పట్టేస్తున్నాయి. ఉన్న పుస్తకాన్ని బీరువాలో దుప్పట్ల కింద పెట్టి తాళం వేసేసింది.

బావగారు అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు. "నాలుగు రకాలున్నాయి బజార్లో. చూసి చెప్తాను" అన్నారు.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"పుస్తకాన్ని బట్టి ఉంటుందమ్మాయ్. కొన్ని మొదటి పేజీలోనే దొరికిపోతాయి. కొన్ని ముదుర్లు."

ఆ ఆదివారం మరదలు వెళ్లేసరికి ఇల్లు ఇల్లులా లేదు. భోజనాల బల్ల మీద నాలుగు పుస్తకాలు నిందితుల్లా వరసగా కూర్చున్నాయి. ఒకటి దిమ్మలా లావుగా ఉంది. ఒకటి బొత్తిగా సన్నం. ఒకటి నిండా బొమ్మలు, ఇంకోటి నిండా ప్రశ్నలు. బావగారు లావు పుస్తకాన్ని వంటింటి త్రాసులో పెట్టి చూస్తున్నారు.

"కిలోన్నర! పడుకుని చదివితే మొహం మీద పడి ముక్కు పచ్చడవుతుంది. రెండు మార్కులు కోత."

తర్వాత నిద్ర పరీక్ష. దానికి అక్కే పరికరం. అక్క బట్టలు కుట్టే షాపు నడుపుతుంది, సాఫ్ట్‌వేర్‌తో ఏ సంబంధమూ లేదు. ఆవిడని సోఫాలో పడుకోబెట్టి ఒక్కో పుస్తకంలోంచి ఒక్కో పేజీ పైకి చదువుతారు. ఎంతసేపటికి గురక వస్తే దాన్ని బట్టి మార్కులు.

"ఏమండీ, ఆ లావు పుస్తకమే చదవండి. నిన్న మూడో లైన్లోనే హాయిగా పట్టేసింది" అంది అక్క, దిండు సర్దుకుంటూ.

"చూశావా! మూడో లైను! ఇంకో అయిదు కోత!"

మరదలు నెత్తి కొట్టుకుంది. "బావగారూ, అక్క నిద్రకీ నా పరీక్షకీ ఏంటండీ సంబంధం? ఏదో ఒకటి ఇచ్చేయండి, పట్టుకుపోతాను."

"ఏదో ఒకటా!" బావగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఏదో ఒకటి చదివితే ఏదో ఒక మార్కొస్తుంది. రేపు బస్సు పరీక్ష ఉంది, కాస్త ఓపిక పట్టు."

బస్సు పరీక్షంటే, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి ఇంకో చేత్తో పుస్తకం చదవడం. లావు పుస్తకం ముందు సీటాయన బట్టతల మీద పడింది. "ఏం చదువయ్యా ఇది, మనుషుల్ని చంపే చదువు!" అని ఆయన లేచాడు. బావగారు క్షమాపణ చెప్పి, ఆయన అభిప్రాయం కూడా మార్కుల కింద రాసుకున్నారు.

పది రోజులు గడిచాయి. పుస్తకం రాలేదు, ఫోను వచ్చింది. "అమ్మాయ్, చిన్న సాయం చెయ్యి. నాకు తప్పు పట్టడం వచ్చు కానీ ప్లాన్లు గీయడం రాదు. లావుదాంట్లో రెండో అధ్యాయం పేజీలు ఫోటోలు తీసి పంపాను. తప్పేమన్నా ఉందేమో చూడు. నువ్వు చదవక్కర్లేదు, ఊరికే చూడు."

చదవక్కర్లేదన్నారు కదాని మరదలు ధైర్యంగా చూసింది. రెండు నిమిషాల్లో ఒళ్లు మండిపోయింది. "ఎవడండీ రాసింది! పనిని మూడు సర్వర్లకి పంచాలని పైన రాశాడు, కింద బొమ్మలో బాణాలన్నీ ఒకే సర్వరుకి గీశాడు. పనంతా మీద పడి అది చచ్చూరుకుంటుంది!"

"అలాగా? మరి ఎలా గీయాలంటావు?"

ఎలా గీయాలో పావుగంట చెప్పింది. బావగారికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. మళ్లీ అర్థం కాలేదు. మూడోసారి కాగితం మీద గీసి, ఫోటో తీసి పంపి, కింద "ఇప్పటికైనా అర్థమైందా" అని రాసింది.

అప్పట్నించి రోజూ ఇదే తంతు. బావగారు నాలుగు పుస్తకాల్లోంచీ అధ్యాయాలు పంపుతారు, ఆమె తప్పు పడుతుంది, ఆయనకి బుర్రకెక్కదు, ఆమెకి తలప్రాణం తోకకొస్తుంది.

"పదే పదే అడిగే సమాచారాన్ని దగ్గర్లో ఒక కాపీ పెట్టుకుంటారండీ. ప్రతిసారీ దూరం వెళ్లి తెచ్చుకోకుండా."

"మంచిదే. మరి అక్కడ అసలుది మారిపోతే?"

"కాపీ పాతబడుతుంది. అప్పుడు పారేసి కొత్తది తెచ్చుకోవాలి. ఎప్పుడు పారేయాలన్నదే అసలు చిక్కు. ఈ అధ్యాయమంతా దాని గురించే కదా, ఆ సన్న పుస్తకం వాడు ఆ ముక్కే మింగేశాడు!"

"దుర్మార్గుడు. ఎన్ని కోయమంటావు?"

"పది కోయండి!"

పరీక్ష వారం రోజుల్లోకి వచ్చేసింది. మరదలు మండిపడుతూ అక్కకి ఫోన్ చేసింది. "అక్కా, బావగారు నన్ను నిలువునా ముంచేశారే. ముప్ఫై మూడు రోజులు త్రాసులూ గురకలూ! ఈ రోజుకీ నా చేతిలో పుస్తకం లేదు. ఈసారి పోతే ఆయనదే పాపం."

అక్క ఏదో చెప్పబోయి, నవ్వాపుకుని, "సర్లేవే, పరీక్షయ్యాక ఇద్దరం కలిసి తిడదాం" అంది.

పరీక్ష రోజున బావగారు సెలవు పెట్టి మరీ దిగబెట్టడానికి వచ్చారు. చంకలో లావు పుస్తకం. గేటు కనపడగానే మరదలు వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టబోయింది.

"అమ్మాయ్, ఆఖరి అధ్యాయం మిగిలిపోయింది" అన్నారు బావగారు.

"ఇప్పుడా! బావగారూ, మీకసలు బుద్ధుందా!" అనేసి నాలుక కరుచుకుంది. పెద్దాయన్ని అంత మాటన్నది జన్మలో మొదటిసారి. బావగారు మాత్రం తనని పొగిడినట్టు తలూపి పేజీ తిప్పారు. "ఒక సర్వరు పడిపోతే ఇంకోటి అందుకోవాలన్నాడు. రెండూ ఒకే గదిలో పెట్టమన్నాడు. బానే ఉందిగా?"

"బానే ఉందా! ఆ గదిలో కరెంటు పోతే రెండూ పోవా?" గేటు దాటినా తిడుతూనే ఉంది. సంతకం పెడుతూ తిట్టింది. కుర్చీలో కూర్చున్నాక కూడా లోపల్లోపల తిడుతూనే ఉంది. మొదటి ప్రశ్న సరిగ్గా రెండు సర్వర్లూ ఒకే గదిలో పెట్టిన కంపెనీ గురించే. "నాకు తెలుసురా నువ్వొస్తావని" అనుకుంటూ జవాబు నొక్కింది. భయపడడం గుర్తొచ్చేసరికి సగం ప్రశ్నలు అయిపోయాయి.

ఫలితం అక్కడికక్కడే తెర మీద వచ్చింది. పాస్. మరదలు రెండుసార్లు చదువుకుని, పక్క కుర్చీ ఆవిడ చేత కూడా చదివించుకుని, పరుగున బయటికొచ్చి అక్కకి ఫోన్ చేసింది. అక్క కెవ్వుమంది. తర్వాత ముక్కు చీదుకుంటూ నవ్వింది.

"ఇప్పుడు చెప్తున్నా విను. నువ్వు పుస్తకం చూస్తే వణికిపోతున్నావని నేనే మీ బావగారికి చెప్పా. 'చదవమంటే భయపడుతుంది, తప్పులు పట్టమంటే భయపడదు. నేనూ అంతే' అన్నారు. నాలుగు పుస్తకాలూ మొత్తం నీచేత చదివించారే! నువ్వు చెప్పింది మొదటిసారికే అర్థమయ్యేది ఆయనకి. మూడుసార్లు చెప్పిస్తే నీకు గట్టిపడుతుందని తెలివితక్కువవాడిలా కూర్చునేవారు."

మరదలు ఫోను పెట్టేసింది. ఆయన్ని ఎన్నెన్ని తిట్టిందో ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. అంతలోనే నవ్వొచ్చింది. గేటు పక్కన బెంచీ మీద, కిలోన్నర పుస్తకం తలకింద పెట్టుకుని బావగారు గురకపెడుతున్నారు.

"బావగారూ! పాసయ్యానండీ! మీరు... మీరు నాకోసం..."

బావగారు ఉలిక్కిపడి లేచి, కళ్లజోడు వెతుక్కుని, జేబులోంచి కాగితం తీశారు. దాని మీద నాలుగు కాదు, అయిదు వరసలున్నాయి. అయిదో దాని ఎదురుగా ఖాళీగా ఉన్న చోట టిక్కు పెట్టి, తృప్తిగా తలెత్తి చూశారు.

"నాలుగు పుస్తకాలూ తప్పాయమ్మాయ్. మొత్తం అయిదుగురిలో నువ్వొక్కదానివే పాసయ్యావు."