అన్నం ముందర పురుగుల సీసా

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మా మామగారి జట్కా గుర్రం చచ్చిపోయింది. అప్పట్లో తిరుపతిలో ఆటోలు తక్కువ. స్టేషన్ నుంచి తిరుచానూరుకు యాత్రికులను తిప్పే ఆ ఒక్క గుర్రం మీదే ఇల్లు నడిచేది. పొద్దున అది మేత ముట్టలేదు. మధ్యాహ్నానికి మాటిమాటికీ వెనక్కి తిరిగి పొట్ట చూసుకుంటూ, కాళ్లతో తన్నుకుంటూ, చెమటలు కక్కుతూ నేల మీద పొర్లింది. మా అత్త మిరపకాయలతో దిష్టి తీసింది. దీపాలు పెట్టే వేళకు ప్రాణం పోయింది.

ఆమె ఏడ్చుకుంటూ వీధిలోకి పోయి, కొళాయి దగ్గర నీళ్లు పట్టేవాళ్లందరికీ నన్ను చూపించింది.

"దీని పాదం సూడండమ్మా. వచ్చీ రాకముందే గుర్రాన్ని మింగింది. పుట్టింటికి తోలేస్తా దీన్ని."

మా ఆయన నన్ను పెట్టె సర్దుకోమన్నారు. నేను సర్దలేదు. మరునాడు పశువుల డాక్టరు ఏటి ఒడ్డున గుర్రాన్ని కోస్తాడని తెలిసి, మామగారి వెనకే పోయాను. పేగు వాచి నల్లబడి ఉంది. పేగుకు రక్తం పోయే నాళాన్ని చీల్చి చూపించాడాయన. లోపల సన్నటి పురుగులు.

"వీటి గుడ్లు లద్దెలో పడతాయి. పిల్లలు పక్కనుండే గడ్డి మీదికి పాకతాయి. గడ్డి యాడిది పెట్టినారు?"

లద్దెకుప్ప పక్కన ఏపుగా పెరిగిన గడ్డిని, ఊరికే దొరికిందని మురిసిపోతూ రోజూ కోసి వేసింది మా అత్తే. నన్ను కొడవలి కూడా ముట్టనిచ్చేది కాదు.

ఆ పురుగులను స్పిరిటు సీసాలో వేసి ఇమ్మని డాక్టరును అడిగాను. తెచ్చి వంటింటి గూట్లో, ఆమె అన్నానికి కూర్చునే చోటికి ఎదురుగా పెట్టాను. డాక్టరు చెప్పింది మామగారే ఇంట్లో చెప్పాక, పుట్టింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొత్త గుర్రానికి గడ్డి నేనే కోశాను, చెరుకు తోటల గట్ల మీద. ఆమె అవతలి గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. సీసాను ఆ గోడ గూట్లోకి మార్చాను. ఆ రోజుల్లో నాకు అన్నం బాగా రుచించేది.

ఏళ్ల తరువాత, మంచం పట్టాక, ఆమె నన్ను పిలిచింది.

"ఆ సీసా తీసెయ్యమ్మా. నీ పాదం మంచిదే. చెప్తా ఉండా గదా."

"కొళాయి కాడ చెప్పు అత్తా. అన్నది ఆడనే గదా. నేనే చెయ్యి పట్టుకొని పిల్చుకోని పోతా."

చెయ్యి చాపాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆమెకు గంజి కాచడానికి లేచాను. సీసా ఇప్పటికీ గూట్లోనే ఉంది.