కెపాసిటర్‌కు తెలుగు చెప్పిన మనిషి

జమ్మలమడుగు మిషన్ బడిలో సైన్సు టీచరుగా చేరిన రెండో ఏడు, తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె లేచి కెపాసిటర్ అంటే ఏందని అడిగింది. విద్యుదావేశాన్ని నిల్వ చేసే పరికరమని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పిల్ల కూర్చోలేదు. "అది రాసుకున్యా టీచర్. అంటే ఏంది?" అని మళ్లీ అడిగింది. గంట కొట్టేదాకా తుడిచిన బోర్డునే తుడుస్తూ నిలబడ్డాను.

ప్రొద్దుటూరులో రేడియోలు, మైకు సెట్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడని, శనివారం మధ్యాహ్నాలు ఆ పని మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఊరికే నేర్పిస్తాడని మా బడి క్లర్కు చెప్పాడు. ఆ శనివారమే ఒంటిపూట బడి కాగానే బస్సెక్కాను. ఆయన అంగడి మిద్దె మీద రేకుల షెడ్డు, అందులో ఒక పొడవాటి బల్ల, దాని చుట్టూ ఏడెనిమిది మంది. ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. నేను టీచరునని తెలిసి లేచి తన స్టూలు నాకిచ్చాడు. చదివింది నేను, నేర్పేది ఆయన. ఆ సిగ్గు పోవడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

ఇంగ్లీషు మాటలంటే ఆయనకు కోపం లేదు. డయోడును డయోడనే అనేవాడు. కానీ ఆ మాట ఎవరి నోట్లోనుంచి వస్తే వాళ్లు దాన్ని తమ పనిలో వెతికి చూపించాలి. చూపించలేకపోతే ఆ వారం తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ ముట్టనిచ్చేవాడు కాదు. పులివెందుల దగ్గర చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉన్న రైతు ఒకాయన మాతో నేర్చుకునేవాడు. తన మోటారు స్టార్టరు మాటిమాటికీ కాలిపోతుంటే విసుగొచ్చి చేరిన మనిషి. డయోడు ఆయన వంతుకొచ్చింది. శానాసేపు తల గోక్కొని, బావిలో మోటారు పైపుకు అడుగున పెట్టే ఫుట్ వాల్వు గుర్తుచేసుకున్నాడు. నీళ్లను పైకి పోనిస్తుంది, కిందికి రానీయదు, డయోడు కరెంటును ఒక వైపుకే పోనిచ్చినట్టు. మా గురువు ముఖం వెలిగిపోయింది. ఇన్నేండ్లుగా నేర్పుతాండా, ఇంత చక్కగా నాకే తట్టలేదని అందరి ముందరా ఒప్పుకున్నాడు. అట్లా ఒప్పుకునే టీచర్లను నేను బడిలో ఎక్కువమందిని చూడలేదు.

కెపాసిటరు నా వంతు. రెండు వారాలు చెప్పలేకపోయాను. మూడో వారం మా ఇంట్లో కుళాయి కింద తొట్టి దగ్గర నిలబడి ఉండగా తట్టింది. పై వీధికి నీళ్లు వదిలినప్పుడల్లా మా కుళాయి ఆగి ఆగి కక్కుతుంది. అదంతా తొట్టిలో పడుతుంది. తొట్టి కింద గొట్టం పెట్టి మా అమ్మ తోటకూర మడికి వదిలిన నీళ్లు మాత్రం ఒకే ధారగా పోతాయి. శనివారం పోయి చెప్పాను. ఆయనేమీ మెచ్చుకోలేదు, సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చాడు.

అవి పార్టీల రోజులు, ముఠా కక్షల రోజులు. మా వైపు 'మీది ఏ ఊరు' అని అడిగితే ఊరి పేరు కోసం అడిగినట్టు కాదు, ఎవరి మనిషివని అడిగినట్టు. ఉన్నట్టుండి అంగళ్లు మూసేవాళ్లు, బస్సులు ఆగిపోయేవి. మా గురువు ఆ పార్టీకీ, ఈ పార్టీకీ మైకు సెట్లు బాగుచేసేవాడు. ఎవరి సెట్టుకు వాళ్ల పేరున్న చీటీ కట్టి, పక్కపక్కనే ఒకే అరలో పెట్టేవాడు. అది ఎంత ధైర్యమైన పనో ఒక ఎలక్షన్ల ఎండాకాలంలో గాని నాకు తెలియలేదు.

ఆ ఎండాకాలం ఒక శనివారం మేం బల్ల చుట్టూ కూర్చున్నాం. కింద జీపు ఆగింది. నలుగురు మెట్లెక్కి వచ్చారు. ముందున్నతను జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో పార్టీ మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఆ పొద్దున మీటింగులో వాళ్ల నాయకుడు మాట్లాడుతుంటే మైకు ఒకటే గుయ్‌మని మోగిందట. ఒక్క మాట వినపడలేదు. అవతలి పార్టీవాళ్లు రోడ్డు మీద నిలబడి నవ్వారు. సెట్టు బాగుచేసి ఇచ్చి పది రోజులే అయింది.

"అవతలోళ్లు చెప్తే చేసినావా?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. మళ్లీ మా వైపు చూసి, చీనీ తోట రైతును చూపించి, "ఈయప్పది ఏ ఊరు?" అన్నాడు.

రైతు తల దించుకున్నాడు. ఆయన ఊరు అవతలి పార్టీదని మాకందరికీ తెలుసు.

మా గురువు లేవలేదు. "నా దగ్గర నేర్చుకుంటాండాడు. సెట్టు తెచ్చినారా? పైకి తెప్పించప్పా," అన్నాడు. తెచ్చారు. మూత విప్పి లోపలికి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "టీచరమ్మా, కెపాసిటర్ అంటే ఏందో ఈయప్పకు చెప్పు," అన్నాడు.

తొట్టి సంగతితో మొదలుపెట్టాను. గోడలోనుంచి వచ్చే కరెంటు ఈ సెట్టులోకి ఒకే ధారగా రాదు, చేతి పంపు బోరింగు కొట్టినట్టు దెబ్బ దెబ్బకూ వస్తుంది అన్నాను. ఆ దెబ్బలన్నీ కెపాసిటరనే ఈ డబ్బా తొట్టిలాగా పట్టుకొని, అవతలికి ఒకే ధారగా వదులుతుంది. లోపలి రసం ఎండిపోతే తొట్టి లేనట్టే. బోరింగు దెబ్బలు నేరుగా మైకు హారన్లలోకి పోతాయి. మీరు విన్న గుయ్ అదే.

అతను నన్ను మాట్లాడనిచ్చాడు. చివర్లో ఒకటే అడిగాడు, పది రోజుల్లో ఎట్లా ఎండిందని. దానికి మా గురువు బదులు చెప్పాడు: సెట్టును జీపు పైన కట్టి, ఎండలో ఊర్లన్నీ తిప్పినారు కదా, మనిషైతే రెండోరోజే పడిపోతాడని. పాత కెపాసిటరు పీకి అతని అరచేతిలో పెట్టాడు. తల ఉబ్బి, అడుగున జిగురు కారి ఉంది. పక్కన కొత్తది పెట్టాడు. అతను రెంటినీ వేలితో తడిమి చూశాడు. కొత్తది అతికించి స్విచ్చు వేస్తే గుయ్ లేదు. అతను మైకులో ఊదాడు, తర్వాత తన పేరు పలికాడు. కింద అంగడి ముందు పోయేవాళ్లు తలెత్తి చూశారు.

క్షమించమని అనలేదు. పోతూ పోతూ, ఎండ తగలకుండా సెట్టు యాడ కట్టుకోవాలని మాత్రం అడిగి తెలుసుకున్నాడు.

జీపు పోయాక, నన్నెందుకు చెప్పమన్నావన్నా అని అడిగాను. "నేను చెప్తే తప్పించుకుంటాండానని అనుకుంటారు. నువ్వు బాగా చెప్తావని నాకు తెలుసు," అన్నాడు. ఆ రెండో మాటను నేను చాలా ఏళ్లు దాచుకున్నాను.

నెల తర్వాత ఆ పార్టీ మనిషి ఒక్కడే నడిచి వచ్చి బల్ల చివరన కూర్చున్నాడు. నాలుగు శనివారాలు వచ్చాడు. నాలుగో శనివారం రైతు అతనికి ఫుట్ వాల్వు సంగతి చెప్పాడు. తర్వాత రాలేదు. ఒంటరిగా ప్రొద్దుటూరు పోవద్దని వాళ్ల ఊళ్లో ఆపేశారని విన్నాం. అతను బాగున్నాడనే అనుకుంటాను.

కంప్యూటర్లు వచ్చేనాటికి మా గురువుకు అరవై దాటాయి. ఒక సెంటర్లో, మనవరాళ్ల వయసు ఆడపిల్లల పక్కన కూర్చొని నేర్చుకున్నాడు. ర్యామ్ అంటే ప్రొద్దుటూరు బట్టలంగట్లో మనముందర చీరలు పరిచి చూపించే తెల్ల పరుపు, వెనక అరలు హార్డ్ డిస్కు, కరెంటు పోతే పరుపు మీదివన్నీ ఎగిరిపోతాయి అని నాకు చెప్పాడు. సాఫ్ట్‌వేర్ అంటే ఏందన్నా అని అడిగాను. తెలియదన్నాడు. ఒక వారం టైమియ్యమన్నాడు.

మూడు వారాలకు ఆయనే బస్సులో జమ్మలమడుగు వచ్చి మా బడి ముందర దిగాడు. నన్ను ఒక నేతాయన ఇంటికి తీసుకుపోయాడు. పట్టుచీర మగ్గం, దాని పైన దారాలతో కుట్టిన బెజ్జాల అట్టల దండ. నేతాయన కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగి, దాని బెజ్జాలను బట్టి దారాలు లేస్తున్నాయి. అంచు మీద నెమలి మెడ వరకు వచ్చింది. ఆ అట్టలు తీసి వేరేవి కడితే ఏమవుతుందని మా గురువు అడిగాడు. మామిడి పిందెలు వస్తాయి, మగ్గం ఇదేనని నేతాయన చెప్పాడు.

మా గురువు నా వైపు చూశాడు; నేనడిగిన సాఫ్ట్‌వేర్ ఆ అట్టలేనని నాకు తట్టింది. చెప్పులు పక్కన వదిలి నేతాయన కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట అంచున కూర్చొని, అట్టలకు బెజ్జాలు ఎవరు కొడతారు, ఒక్క బెజ్జం తప్పు పడితే చీరలో యాడ తెలుస్తుంది అని ఒకదాని తర్వాత ఒకటి అడగడం మొదలుపెట్టాడు. నేతాయన మగ్గం ఆపి, బదులు చెప్పడానికి ఆయన పక్కకొచ్చి కూర్చున్నాడు.