దాల్చా పథ్యం

మక్తల్‌లో ఎవరింట పెండ్లయినా బగారా అన్నం, దాల్చా వండేది లాడ్లీ బేగమే. పప్పులో మాంసం వేసి ఉడికించే ఆ దాల్చా వాసన తగిలిందా, పిలవనివాళ్లు కూడా పంక్తిలో కూర్చునేవాళ్లు. అలాంటి మనిషి, తీరా సొంత కూతురు హఫ్సా పెండ్లి దగ్గర పడ్డాక మంచాన పడింది.

కడుపుకు ఆపరేషన్ అయింది. కుట్లు విప్పారు గానీ పుండు మానదే! పక్కింటి జంగమ్మేమో పథ్యానికి కాపలా కూర్చుంది. ప్రాణం పెట్టే మనిషే, కానీ ఈ విషయంలో పోలీసు.

"పప్పు తింటే చీము వడ్తదక్కా. గుడ్డు, యాటకూర అసలే ముట్టకు. చారన్నం తిను."

లాడ్లీ బేగమూ అదే నమ్మింది. ఊరందరికీ కడుపునిండా పెట్టిన మనిషి చారునీళ్లతో సరిపెట్టుకుని కట్టెపుల్లలా ఎండిపోయింది. "నా బిడ్డ పెండ్లికి ఇంకెవరో వండితే, నేను మంచంల పండుకొని వాసన చూడాల్నా!" అని ఏడ్చింది కూడా.

దవాఖానలో డాక్టర్ సుస్మిత పుండు చూసి, ఏం తింటున్నవమ్మా అనడిగింది. జంగమ్మే గర్వంగా జవాబు చెప్పింది. డాక్టర్ నెత్తి కొట్టుకుంది.

"చీము పప్పుతోని రాదు, సూక్ష్మక్రిములతోని వస్తది. పుండు పూడాలంటే కొత్త కండ రావాలె. కండకు ప్రొటీన్ కావాలె, ప్రొటీన్‌కు ఇటుకల లెక్క అమైనో ఆసిడ్లు కావాలె. కొన్నింటిని ఒళ్లు చేసుకోలేదు, తిండిలకెల్లే రావాలె. గుడ్డు, మాంసంల అన్నీ ఉంటయి. బియ్యంల తక్కువైంది పప్పుల ఉంటది, పప్పుల తక్కువైంది బియ్యంల ఉంటది."

"అల్లా! అంటే బగారా, దాల్చానే మందా?" లాడ్లీ బేగం నోరెళ్లబెట్టింది.

"నూనె జర తగ్గించుకో. తినలేనోళ్లకైతే అమైనో ఆసిడ్లు సీసాతోని ఎక్కిస్తం. నీకేమైంది? బిడ్డ పెండ్లికి వండాలంటే ఇయ్యాల్టి నుంచే తిను."

జంగమ్మ ముఖం చిన్నబోయింది. అయినా మరునాడు తెల్లారేసరికి ఉడికించిన నాటుకోడి గుడ్లతో ప్రత్యక్షం! "తింటవా, తినిపియ్యాల్నా?" అని మీద నిలబడింది. ఆమె మొండితనమంతా ఇప్పుడు ఇటు తిరిగింది. పుండు మెల్లగా పూడింది. బరువులెత్తకుండా వండుకోవచ్చని డాక్టర్ ఒప్పుకుంది.

పెండ్లినాడు లాడ్లీ బేగం పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుని తనే వండింది. జంగమ్మ వడ్డనకు దిగింది. పంక్తిలో బీరప్ప చేతికి కొత్త కట్టుతో కూర్చున్నాడు.

"నాకు దాల్చా వద్దు జంగమ్మా, కుట్లు వడ్డయి. ఉత్త చారు పొయ్యి."

"చారా? ఎవడు చెప్పిండ్రా నీకు గా బుద్ధిలేని మాట!" అంటూ జంగమ్మ అతని అన్నం మునిగేలా దాల్చా కుమ్మరించింది. "తిను. తినకుంటే లేవనియ్య!"

లాడ్లీ బేగం కడుపు పట్టుకుని నవ్వింది. ఎంత నవ్వినా ఎక్కడా కలుక్కుమనలేదు.